పిన్ను చిన్నది.. కరెంటు పెద్దది!

"అన్నా.. ఏదో కాలుతున్న వాసన వస్తుంది."

పోయినేడాది వినాయక నవరాత్రుల్లో మూడో రోజు రాత్రి. నాగోల్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో హారతి నడుస్తోంది. స్పీకర్లో పాటలు, చప్పట్లు, పిల్లల కేకలు. ఆ గోలలో ఆరో తరగతి చదివే పక్కింటి పాప నా టీషర్ట్ పట్టుకుని లాగి మరీ చెప్పిన మాట అది. నేను అగరబత్తి వాసనేమో అనుకున్నా. కర్పూరమేమో అనుకున్నా. ఇంకో నిమిషానికి నా ముక్కుకీ తెలిసింది. అది ప్లాస్టిక్ వాసన.

గణపతి వెనకాల థర్మాకోల్ తోరణం. దాని అంచు చుట్టూ నేను అతికించిన ఎల్ఈడీ పట్టీ. ఆ పట్టీ మొదట్లో చిటికెన వేలి గోరంత నల్ల కనెక్టర్ ఒకటి ఉంటుంది. అది మెత్తబడి ఒక పక్కకి వాలిపోయింది. వెనకున్న థర్మాకోల్‌లో రూపాయి బిళ్లంత గుంత పడింది. దానికి ఆనుకునే డెకరేషన్ చీరలు. ఇంకో ఆరడుగుల దూరంలో వరసగా బైకులు. వాటి ట్యాంకుల్లో పెట్రోలు.

ఆ కనెక్టర్‌ని లాగేద్దామని చెయ్యి పెట్టాను. రాలేదు. రెండు సగాలూ కరిగి అతుక్కుపోయాయి. వేళ్లు చుర్రుమన్నాయి. వెనక నుంచి ఒక గొంతు గట్టిగా వినబడింది.

"దాన్ని ముట్టకు బిడ్డా! ముందు బోర్డు కాడ బంద్ చెయ్!"

ఎవరో స్విచ్ ఆపారు. మండపం మొత్తం చీకటి. హారతి పళ్లెంలో దీపం ఒక్కటే వెలుగుతోంది. ఎవరికీ ఏమీ కాలేదు. నా చూపుడు వేలికి బొబ్బ వచ్చింది, అంతే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే నా లెక్క ప్రకారం నేను అన్నీ కరెక్ట్‌గానే చేశాను.

ఈసీఈ చదివి.. జావా రాసి..

నా గురించి రెండు ముక్కలు. చదివింది ఈసీఈ, చేసేది జావా. రోజూ పొద్దున నాగోల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగే వేల మందిలో ఒకణ్ని. సెట్టాప్ బాక్స్ రిమోట్ పాడైనా, కూలర్ తిరగకపోయినా మా ఇంట్లో వాళ్లకి నేను 'ఇంజినీరు'ని. అందుకే ఈసారి మండపం లైటింగ్ నాకు అప్పజెప్పారు. నేనూ ఎగిరి గంతేశాను.

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి సామాను తెచ్చాను. 5 మీటర్ల పట్టీ, మీటరుకి 60 చొప్పున 300 ఎల్ఈడీలు. ఒక్కో ఎల్ఈడీకి విడివిడిగా రంగు చెప్పొచ్చు. 5 వోల్టుల సప్లై, 20 ఆంపియర్లది. చిన్న కంట్రోలర్ బోర్డు. ఫోన్లో ఒక పేజీ తెరిచి బటన్ నొక్కితే రంగులు పరిగెడతాయి. 'హారతి' అని ఇంకో బటన్ పెట్టాను. అది నొక్కితే 300 లైట్లూ ఒకేసారి ఫుల్ బ్రైట్‌నెస్‌తో తెల్లగా వెలుగుతాయి. మొదటి రోజు ఆ బటన్ నొక్కగానే అందరూ "ఓ..!" అన్నారు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

లెక్క కూడా వేశాను. ఈ రకం ఎల్ఈడీ ఫుల్ తెలుపులో సుమారు 60 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. 300 ఇంటూ 60 అంటే 18 ఆంపియర్లు. సప్లై 20 ఆంపియర్లది. ఇంకా 2 మిగిలింది! మొదటి రెండు రోజులు హారతి ఐదేసి నిమిషాలే. మూడో రోజు ఎవరో భజన బృందాన్ని తీసుకొచ్చారు. హారతి నలభై నిమిషాలు సాగింది. బటన్ ఆపాలని నాకు తట్టలేదు.

నా లెక్కలో సప్లై ఉంది, ఎల్ఈడీలు ఉన్నాయి. ఆ రెండింటి మధ్య ఉన్న బియ్యపు గింజంత పిన్ను లేదు.

అంకుల్ అడిగిన ఒకే ఒక ప్రశ్న

"బోర్డు కాడ బంద్ చెయ్" అని అరిచింది మా మూడో ఫ్లోర్ అంకుల్. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ప్యానెల్ బోర్డులు చేసే ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. మర్నాడు పొద్దున ఆ కరిగిన కనెక్టర్ పట్టుకుని ఆయన తలుపు కొట్టాను.

ఆయన దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు.

"సప్లై ఎంతది?"

"20 ఆంప్స్ అంకుల్."

"లైట్లు ఎంత తింటయి?"

"18."

"మరి ఈ పిన్ను ఎంత మోస్తది?"

నేను నోరు తెరిచి మూసుకున్నాను. అప్పటికప్పుడు ఫోన్లో వెతికాం. పట్టీలతో వచ్చే ఈ మూడు పిన్నుల కనెక్టర్‌ని 'జేఎస్‌టీ ఎస్ఎం' రకం అంటారు. అసలు కంపెనీ దానికి రాసే పరిమితి 3 ఆంపియర్లు. అది కూడా 22 గేజ్ వైరు వాడితేనే. నేను కొన్నదాని మీద పేరూ లేదు, ఊరూ లేదు. పట్టీతో పాటు వచ్చింది కదా, సరిపోతుందిలే అనుకున్నాను.

అంకుల్ దగ్గర డీసీ కరెంటు చూపించే క్లాంప్ మీటరు ఉంది. కొత్త కనెక్టర్ పెట్టి, పట్టీని సిమెంటు నేల మీద పరిచి, పక్కన ఇసుక బకెట్ పెట్టుకుని ఒక్క పది సెకన్లు 'హారతి' బటన్ నొక్కాం. మీటరు 9 ఆంపియర్లు చూపించింది.

18 కాదు, 9. ఎందుకు? పట్టీలో రాగి పొర పల్చగా ఉంటుంది. ఒక చివర నుంచి కరెంటు పంపితే రెండో చివరకి చేరేలోపు వోల్టులు పడిపోతాయి. అక్కడి ఎల్ఈడీలకు సరిపడా కరెంటు అందదు. అప్పుడు గుర్తొచ్చింది. మొదటి రోజు నుంచీ పట్టీ చివర్లో తెలుపు కాస్త ఎర్రబారి కనిపించేది. నీలం ఎల్ఈడీకి ఎక్కువ వోల్టులు కావాలి, ఎరుపుకి తక్కువ చాలు. అందుకే వోల్టులు పడిపోతే ముందు నీలం మసకబారుతుంది, ఎరుపు మిగులుతుంది. "సంధ్య వెలుగులా బాగుంది" అని నేను స్టేటస్ కూడా పెట్టాను. అది అందం కాదు, వార్నింగ్.

మూడింతల కరెంటు.. తొమ్మిదింతల వేడి

3 ఆంపియర్ల పిన్నులో 9 పంపితే వేడి మూడింతలు అవుతుందా? కాదు. ఇంటర్‌లో మనమంతా బట్టీ పట్టిన సూత్రమే ఇది. వేడి అంటే కరెంటు వర్గం ఇంటూ నిరోధం. కరెంటు మూడింతలైతే వేడి తొమ్మిదింతలు.

ఇప్పుడు నిరోధం. పిన్ను సాకెట్లో దూరినప్పుడు రెండు లోహాలూ మొత్తం ఒరుసుకుని కూర్చున్నట్టు కనిపిస్తుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే అలా ఉండదు. ఎంత నున్నటి లోహమైనా పైన గుట్టలూ గుంతలే. ఒకదాని గుట్టలు ఇంకోదాని గుట్టలకి తగిలిన ఆ కొద్ది చుక్కల్లోంచే కరెంటు మొత్తం దూరాలి. ఆరు లేన్ల రోడ్డు మీద వచ్చిన ట్రాఫిక్ అంతా ఉప్పల్ రింగ్ రోడ్డు జంక్షన్ దగ్గర ఇరుక్కున్నట్టు. వైరు ఎంత లావుదైనా ఇరుకు అక్కడే.

ఆ చుక్కల నిరోధం చాలా తక్కువ. ఈ సైజు కనెక్టర్‌లో కొత్తగా ఉన్నప్పుడు 10 మిల్లీఓమ్‌లు, వాడగా వాడగా 20 అనుకోండి. 20 మిల్లీఓమ్‌ల పిన్నులో 3 ఆంపియర్లు పంపితే 0.18 వాట్ల వేడి. గాలికే చల్లారిపోతుంది. 9 ఆంపియర్లు పంపితే 1.62 వాట్లు. పోయే పిన్ను ఒకటి, తిరిగొచ్చే పిన్ను ఒకటి కాబట్టి మొత్తం 3 వాట్ల పైనే. "మూడు వాట్లేనా" అనిపిస్తుంది. కానీ ఆ వేడంతా పుట్టేది బియ్యపు గింజంత లోహంలో. చుట్టూ ప్లాస్టిక్. వెనక వేడిని బయటికి పోనివ్వని థర్మాకోల్.

అసలు ప్రమాదం ఆ తర్వాత మొదలవుతుంది. సాకెట్ లోపల చిన్న లోహపు రేకు స్ప్రింగులా పిన్నుని గట్టిగా పట్టుకుని ఉంటుంది. వేడెక్కితే ఆ పట్టు సడలుతుంది. పట్టు సడలితే తగిలే చుక్కలు తగ్గుతాయి. చుక్కలు తగ్గితే నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగితే ఇంకా వేడి. పైగా వేడికి లోహం మీద తుప్పు పొర ఏర్పడుతుంది. అది ఇంకో అడ్డంకి. మా భాషలో చెప్పాలంటే, ఎగ్జిట్ కండిషన్ లేని లూప్. అందుకే ఐదు నిమిషాలు బాగా నడిచింది నలభై నిమిషాలకి కరిగిపోయింది.

"మరి ఎంసీబీ ఎందుకు పడలేదు?"

ఇదే ప్రశ్న నేను అంకుల్‌ని అడిగాను. ఆయన నవ్వారు.

"అదెందుకు పడతది? దానికి ఏం తెల్వదు."

నిజమే. లెక్క వేస్తే నాకూ సిగ్గేసింది. 5 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లంటే 45 వాట్లు. అదే 45 వాట్లు గోడలో 230 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు? 0.2. సప్లైలో పోయే నష్టం కలిపినా పావు ఆంపియర్. గోడ మీది ఎంసీబీ 6 ఆంపియర్లది. దానికి ఇదొక మామూలు ట్యూబ్‌లైటు లెక్క. ఇటు 20 ఆంపియర్ల సప్లైకి 9 అంటే సగం కూడా కాదు. ఇద్దరు కాపలాదార్లూ హాయిగా ఉన్నారు. మధ్యలో పిన్ను కాలిపోతోంది.

షార్ట్ సర్క్యూట్ అయితే కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది, ఎంసీబీ పడుతుంది. పిన్ను వేడెక్కినప్పుడు కరెంటు పెరగదు. ఇంకా కాస్త తగ్గుతుంది కూడా. ఎంసీబీ కాపాడేది గోడలో వైరుని. ఆ తర్వాత మనం తగిలించే ప్రతి చిన్న పిన్నుకీ కాపలా మనమే పెట్టుకోవాలి.

రెండు పిన్నులు పెడితే సరిపోదా?

నా సాఫ్ట్‌వేర్ బుర్ర వెంటనే ఒక పరిష్కారం చెప్పింది. ఒక సర్వర్ చాలకపోతే ఇంకోటి పెడతాం కదా. అలాగే 3 ఆంపియర్ల పిన్నులు మూడు పక్కపక్కన కలిపేస్తే 9 అయిపోతుంది!

"మూడింటికీ సమానంగ పంచేదెవడు?" అన్నారు అంకుల్.

ఒక కాగితం తీసుకుని రెండు పిన్నులకే లెక్క వేశాం. ఒక పిన్ను బాగా కూర్చుంది, నిరోధం 5 మిల్లీఓమ్‌లు. ఇంకోటి కాస్త వదులు, 20 మిల్లీఓమ్‌లు. ఈ జంటలోంచి 6 ఆంపియర్లు పంపితే చెరి మూడు రావు. నిరోధం తక్కువున్న దానిలోంచి 4.8, ఎక్కువున్న దానిలోంచి 1.2 వెళ్తాయి. వదులుగా ఉన్నవాడు పని తప్పించుకుంటాడు. బాగా పనిచేసేవాడి మీదే మొత్తం భారం పడుతుంది. ఆఫీసులో మనకి తెలియని విషయమా ఇది!

సర్వర్లకైతే ముందు లోడ్ బ్యాలెన్సర్ ఉంటుంది. వట్టి పిన్నులకి అది ఉండదు. మూడు పిన్నులు కలిపితే మూడింతలు వస్తుందనుకోవడం తప్పు. ఒకటి సరిగా తగలకపోయినా మిగతావి తట్టుకునేంత మిగులు ఉంచుకోవాలి.

ఈ తప్పు నాలాంటి వాళ్లే చేస్తారనుకోకండి. గేమింగ్ పీసీలు ఫాలో అయ్యేవాళ్లకి 2022 అక్టోబర్ గుర్తుండే ఉంటుంది. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు వచ్చిన కొద్ది వారాల్లోనే దాని పవర్ కనెక్టర్ కరిగిపోతోందని ఫొటోలు రావడం మొదలైంది. ఆ కనెక్టర్ 600 వాట్ల వరకు మోయాలి. 12 వోల్టుల దగ్గర 600 వాట్లంటే 50 ఆంపియర్లు. పోవడానికి 6 పిన్నులు, రావడానికి 6. అంటే ఒక్కో పిన్నుకి 8.3 ఆంపియర్లు. పిన్ను పరిమితి 9 చిల్లర. మిగులు దాదాపు లేదు. అంతకుముందు వాడిన 8 పిన్నుల కనెక్టర్‌ని చూడండి. 150 వాట్లు, 12.5 ఆంపియర్లు, 3 పిన్నులు. ఒక్కోదాని మీద 4 చిల్లర. ఒకటి సరిగా తగలకపోయినా మిగతా రెండూ బండి లాగేవి.

కనెక్టర్ పూర్తిగా లోపలికి దూరకపోవడం ఒక ముఖ్య కారణమని అప్పట్లో ఎన్‌విడియా చెప్పింది. 2023లో ఆ కనెక్టర్‌ని సవరించారు. పూర్తిగా కూర్చోకపోతే అసలు పవరే రాకుండా, కూర్చుందో లేదో చెప్పే పిన్నుల్ని పొట్టిగా చేశారు. అయినా కథ అక్కడితో ఆగలేదు. 2025 ఫిబ్రవరిలో డెర్ బావర్ అనే జర్మన్ యూట్యూబర్ 5090 కార్డు వైర్లని ఒక్కొక్కటిగా కొలిస్తే, వాటిలో ఒకదాంట్లో 20 ఆంపియర్ల పైన వెళ్తోంది. పక్క వైర్లలో చాలా తక్కువ. సమానంగా పంచేవాడు లేడు. అంకుల్ ప్రశ్నే అది!

మీ చేతిలో ఉన్న కనెక్టర్ సంగతేంటి?

ఇప్పుడు మీరు ఇది చదువుతున్న ఫోన్ కింద చిన్న రంధ్రం ఉంది కదా, యూఎస్‌బీ-సీ. దానిలో 24 పిన్నులు. అంత చిన్నదాంట్లోంచి అంత ఫాస్ట్ చార్జింగ్ ఎలా వస్తోంది? అది ఎందుకు కరగడం లేదు?

పాత యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, అర ఆంపియర్. అంటే రెండున్నర వాట్లు. ఈరోజు యూఎస్‌బీ-సీలో 240 వాట్ల దాకా వెళ్లొచ్చు. దాదాపు వందింతలు! కరెంటు కూడా వందింతలైందా? లేదు. గరిష్ఠంగా 5 ఆంపియర్లే.

ఇందులో మూడు తెలివైన పనులున్నాయి.

ఒకటి, పంపకం. 24 పిన్నుల్లో కరెంటు పోవడానికి 4, రావడానికి 4. 5 ఆంపియర్లని నాలుగింటికి పంచితే ఒక్కోదానికి 1.25.

రెండు, మాట్లాడుకోవడం. మామూలు కేబుల్‌కి 3 ఆంపియర్లే అనుమతి. 5 కావాలంటే కేబుల్ లోపల చిన్న చిప్పు ఉండాలి. "నేను 5 మోయగలను" అని ఆ చిప్పు చెబితేనే చార్జర్ అంత ఇస్తుంది. చెప్పకపోతే ఇవ్వదు. నా పట్టీలో లేనిది సరిగ్గా ఇదే. పిన్నుని ఎవరూ అడగలేదు.

మూడు, అన్నిటికన్నా ముఖ్యమైనది. కరెంటు పెంచకుండా వోల్టులు పెంచడం. 20 వోల్టులు, 5 ఆంపియర్లు అయితే 100 వాట్లు. 2021లో కొత్త ప్రమాణం వచ్చినప్పుడు 48 వోల్టులకి తీసుకెళ్లారు. అదే 5 ఆంపియర్లు, 240 వాట్లు. పిన్నులో పుట్టే వేడికి వోల్టులతో సంబంధం లేదు, కరెంటుతోనే. కాబట్టి 100 వాట్ల దగ్గర ఎంత వేడో 240 దగ్గరా అంతే.

దీనికి వ్యతిరేక దారిలో వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఒప్పో 2014లో తెచ్చిన వూక్ చార్జింగ్, 2016లో వన్‌ప్లస్ 3తో వచ్చిన డాష్ చార్జింగ్ వోల్టులు పెంచలేదు. 5 వోల్టుల దగ్గరే ఉంచి కరెంటుని 4 ఆంపియర్లు, ఆపైకి తీసుకెళ్లాయి. ఎక్కువ వోల్టులు పంపితే వాటిని ఫోన్ లోపల మళ్లీ తగ్గించాలి. ఆ వేడి ఫోన్లో పుడుతుంది. ఇలా పంపితే ఆ వేడి చార్జర్ దగ్గరే ఉండిపోతుంది, ఫోన్ చల్లగా ఉంటుంది. కానీ ఊరికే రాలేదు. ఒప్పో అప్పట్లో మైక్రో యూఎస్‌బీకి రెండు పిన్నులు అదనంగా పెట్టి 7 చేసింది. ప్రత్యేకమైన కేబుల్ ఇచ్చింది. తర్వాత వచ్చిన 65 వాట్ల చార్జర్లు 10 వోల్టుల దగ్గర 6.5 ఆంపియర్లు పంపుతాయి. అందుకే ఆ ఫోన్‌కి ఆ కంపెనీ కేబులే కావాలి. వేరే కేబుల్ పెడితే స్లోగా ఎక్కుతుంది. "మోసం రా" అని తిట్టుకునేవాణ్ని. ఇప్పుడు అర్థమైంది. పిన్నుని కాపాడుతోంది.

తల పైకెత్తితే జవాబు కనబడింది

ఆ వారం ఆఫీసుకి వెళ్తూ నాగోల్ స్టేషన్‌లో ప్లాట్‌ఫామ్ మీద నిలబడి పైకి చూశాను. రైలు పైన ఒక సన్న తీగ. మూడు బోగీలు, వందల మంది జనం, ఏసీలు. వీటన్నిటికీ కరెంటు ఆ తీగ నుంచే. రైలు నెత్తి మీద ఉండే చట్రం దాన్ని రాసుకుంటూ పరిగెడుతుంది. అదీ ఒక కనెక్టరే కదా!

రహస్యం వోల్టుల్లో ఉంది. హైదరాబాద్ మెట్రో తీగలో ఉండేది 25 వేల వోల్టులు. ఒక మెగావాట్ పవర్ అనుకుందాం. 25 వేల వోల్టుల దగ్గర అది 40 ఆంపియర్లు. అదే నా పట్టీలాగా 5 వోల్టుల దగ్గర పంపాలంటే 2 లక్షల ఆంపియర్లు! తీగ కాదు కదా, మెట్రో పిల్లరంత రాగి పోసినా ఆలోచించాల్సిందే.

రెండున్నరేళ్లుగా రోజూ ఆ తీగ కిందే నిలబడి రీల్స్ చూశాను. జవాబు నెత్తి మీదే ఉంది.

మండపంలో ఏం మార్చాం?

ఐదో రోజు సాయంత్రానికి అంకుల్, నేను కలిసి మొత్తం మార్చేశాం. మీరూ ఇంట్లో, ఫంక్షన్లో ఇలాంటి లైటింగ్ పెట్టే ఆలోచనలో ఉంటే ఇది పనికొస్తుంది.

పట్టీని మీటరు చొప్పున ఐదు ముక్కలు చేశాం. ఒక్కో ముక్కలో 60 ఎల్ఈడీలు. ఫుల్ తెలుపులో కూడా 3.6 ఆంపియర్లు దాటదు. ఒక్కో ముక్కకి సప్లై నుంచి విడిగా లావు వైరు లాగాం. చివర్లో చిన్న కనెక్టర్ బదులు స్క్రూ టెర్మినల్ పెట్టాం. రంగులు చెప్పే డేటా వైరుకి మాత్రం చిన్న పిన్నులే ఉంచాం. దాంట్లో వెళ్లేది సంకేతమే, కరెంటు చాలా తక్కువ.

"కబురు పోనీకి కాలిబాట చాలు. బండి పోవాలంటే రోడ్డు కావాలె" అన్నారు అంకుల్.

ఒక్కో వైరు మొదట్లో 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాం. ఉప్పల్‌లో కారు స్పేర్ పార్టుల షాపులో దొరికే రెండు కాళ్ల చిన్న ఫ్యూజే. సప్లై 20 ఇవ్వగలదు కాబట్టి ఫ్యూజు 20ది పెట్టకూడదు. దారిలో అన్నిటికన్నా బలహీనమైనది ఏదో చూసి, దానికి తగ్గది పెట్టాలి.

జాయింట్లన్నీ థర్మాకోల్‌కి దూరంగా, గాలి తగిలేలా ఒక జీఐ రేకు మీదకి మార్చాం. చివరగా నేను కోడ్‌లో బ్రైట్‌నెస్‌ని సగానికి కట్టేశాను. కళ్లకి పెద్ద తేడా తెలియలేదు. "కోడ్‌లో లిమిట్ పెట్టాను కదా, ఇంక ఫ్యూజులెందుకు అంకుల్?" అని అడిగాను.

"రేపు నువ్వే ఆ లిమిట్ తీసేస్తవ్ బిడ్డా" అన్నారు.

మాట్లాడలేకపోయాను. 'హారతి' బటన్ కోసం లిమిట్ తీసేసింది నేనే మరి.

మీ ఇంట్లో ఒకసారి చూడండి

గణపతి మండపం ఏడాదికోసారి. ఇంట్లో పిన్నులు రోజూ. ముఖ్యంగా రూముల్లో, పీజీల్లో ఉండేవాళ్లు ఇవి ఒకసారి గమనించండి.

మన గోడల్లో రెండు సైజుల సాకెట్లుంటాయి. చిన్నది 6 ఆంపియర్లు, పెద్దది 16. 2000 వాట్ల గీజర్, ఇండక్షన్ స్టవ్, రూమ్ హీటర్ లాంటివి 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు లాగుతాయి. అందుకే వాటికి లావు పిన్నుల ప్లగ్గు ఇస్తారు. ఆ ప్లగ్గు చిన్న సాకెట్లో పట్టడం లేదని కన్వర్టర్ కొని పెడితే, 6 ఆంపియర్ల చోట 8.7 పంపుతున్నట్టే. నేను చేసిన తప్పే, ఈసారి 230 వోల్టులతో.

ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో కెటిల్, ఇస్త్రీ పెట్టె, స్టవ్ కలిపి పెట్టకండి. సాకెట్లు నాలుగున్నా వాటన్నిటి భారం గోడలో దూరే ఒక్క ప్లగ్గు మీదే.

ప్లగ్గు వదులుగా ఊగుతుంటే, పిన్నుల దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మారితే, చేపల వాసన లాంటి ఘాటు వాసన వస్తే.. అది వార్నింగ్. స్విచ్ ఆపి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ప్లగ్గు, సాకెట్ రెండూ మార్పించండి. ప్లగ్గు ఒక్కటే మారిస్తే సడలిపోయిన సాకెట్ కొత్త ప్లగ్గునీ కాల్చేస్తుంది.

ఫోన్ చార్జింగ్ పెట్టినప్పుడు కాస్త వెచ్చగా ఉండటం మామూలే. కానీ కేబుల్ కొస మాత్రం చురుక్కుమంటుంటే ఆపేయండి. జేబులోని నూలు పోగులు, దుమ్ము పోర్టులో చేరితే పిన్నులు పూర్తిగా కూర్చోవు. ఫోన్ ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. పిన్నీసు, సూది వద్దు. తడి ఉంటే ఆరేదాకా ఆగండి.

ఏదైనా కనెక్టర్ కాలుతున్నట్టు అనిపిస్తే నాలాగా చెయ్యి పెట్టి లాగకండి. ముందు స్విచ్. తర్వాతే మిగతావి.

తొమ్మిదో రోజు

నిమజ్జనానికి సరూర్‌నగర్ చెరువుకి బయల్దేరే ముందు ఆఖరి హారతి. ఆ రోజు భజన బృందం మళ్లీ వచ్చింది. ఈసారి నలభై అయిదు నిమిషాలు. నేను హారతి వైపు చూడలేదు. మండపం వెనక్కి వెళ్లి ఒక్కో జాయింట్ మీద వేలు పెట్టి చూశాను. అది 5 వోల్టుల వైపు కాబట్టి పెట్టాను, 230 వోల్టుల వైపు ఎప్పుడూ పెట్టకండి. ఐదు జాయింట్లూ చల్లగా ఉన్నాయి.

పక్కింటి పాప నా వెనకే వచ్చి నిలబడింది.

"అన్నా, ఇవాళ వాసన వస్తలేదు" అంది.

నేను రాసిన ఏ కోడ్‌కీ అంత మంచి టెస్ట్ రిపోర్ట్ రాలేదు.